మేనమామ చేతిలో తాడు

నాటకశాల, తాళ్ళ గది
మొదటి సోమవారం, ఉదయం

అక్కా,

నీ ఉత్తరం అందింది. మూడు వారాలుగా జవాబు రాయలేదని నువ్వు తిట్టిన తిట్లన్నీ వరసగా చదువుకున్నాను. ఒకటి కొత్తది ఉంది, పొడుగుకి కూడా చదివి వినిపించాను. పొడుగంటే నాతోపాటు తాళ్ళు పట్టే వాడు. పదేళ్ళుగా చెబుతున్నాను, నువ్వు ప్రతిసారీ ఎవడా పొడుగు అని అడుగుతావు.

ఈ నెలంతా ఇక్కడ ప్రదర్శనలే. ముప్పై రోజులు, ముప్పై బృందాలు. నిన్న నాటకం, ఇవాళ వీణలు, రేపు నాట్యం. పొద్దున ఒకళ్ళ అడవిని దింపి మధ్యాహ్నానికి ఇంకొకళ్ళ రాజభవనాన్ని పైకెత్తాలి. ఊపిరి సలపడం లేదనుకో.

అసలు కబురు విను. ఆఖరి రోజు ప్రదర్శన మన మిడత వాళ్ళ బృందానిది. నీ కూతురు నీకు రాసే ఉంటుంది గానీ, ఇది రాసి ఉండదు. దానిది గాలి వేషం. ఇరవై అడుగుల ఎత్తున, తాడు మీద ఎగురుతుంది. ఆ తాడు పట్టేది నేనే.

మా నాటకశాలలో ఒక పద్ధతుంది. ఎగిరే మనిషే తన తాడు ఎవరు పట్టాలో చెప్పుకోవాలి. కొక్కెం తగిలించుకునే ముందు వచ్చి ఆ మనిషి మణికట్టు ఒకసారి నొక్కి వెళ్ళాలి. నొక్కితే నా ప్రాణం నీదే అని. ఇరవై రెండేళ్ళలో ఎంతమంది నొక్కారో నా మణికట్టు! మేనేజరమ్మ ఎవరి చెయ్యి కావాలని అడిగితే, మిడత ఉత్తరంలో ఒకే మాట రాసిందట, 'మా మామయ్యది' అని. ఆ కాగితం నాకు చూపించింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, దాచుకోవడం ఎందుకు.

రాత వంకరగా ఉందని నవ్వకు. మోకాలి మీద పెట్టుకుని రాస్తున్నాను.

నీ తమ్ముడు

*

కుట్టు కొట్టు
గురువారం

ఒరేయ్ తమ్ముడూ,

నీకు బుద్ధుందా? ఇరవై అడుగులా? పిల్లని తాడుకి కట్టి పైకి లాగుతూ, దాన్ని శుభవార్తలా రాస్తావా? చేతిలో ఉన్న కత్తెర ఎక్కడ పెట్టానో పొద్దుటి నుంచి వెతుక్కుంటున్నాను.

అది ఎగురుతుందని నాకు రాయలేదు. గాలి వేషం, నీలం గౌను కావాలి, వీపు దగ్గర ఒక చీలిక ఉంచు అని మాత్రం రాసింది. చీలిక ఎందుకే అంటే గాలి ఆడటానికమ్మా అంది. కొక్కెం కోసమా! తల్లిని ఇంత మోసం చేస్తుందా?

నువ్వు పట్టుకుంటున్నావు కాబట్టి నోరు మూసుకుంటున్నాను. ఇంకెవరైనా అయితే ఈపాటికి బండెక్కి వచ్చి దాన్ని జుట్టు పట్టుకుని లాక్కొచ్చేదాన్ని. ఆ తాడు ఎలా పనిచేస్తుందో నాకు అర్థమయ్యేలా రాయి. ఇన్నేళ్ళలో ఒక్కసారీ చెప్పలేదు. అడిగితే 'నేనున్నాగా' అంటావు. అదొక్కటే వచ్చు నీకు.

మోకాలి మీద పెట్టుకుని ఎన్ని ఉత్తరాలు రాయలేదు నువ్వు? ఇంత వంకర ఎప్పుడూ లేదు. కళ్ళజోడు మార్చుకో.

అక్క

*

నాటకశాల, తాళ్ళ గది
రెండో మంగళవారం

అక్కా,

మిడత వచ్చి వారమైంది. బృందంతో పాటు వెనక వీధిలో బసలో ఉంది. వచ్చిన రోజే తాళ్ళ గదికి పరుగెత్తుకొచ్చి నా మెడకి చుట్టుకుంది. టీ తాగాం. గలగలా మాట్లాడుతూ ఉన్నట్టుండి ఆగిపోయింది. నా చేతికేసి చూస్తూ కూర్చుంది. ఏమిటే అంటే ఏం లేదంది. ప్రయాణం బడలిక కాబోలు.

ఇక్కడ అంతా బాగానే ఉంది. శనివారం ఒక చిన్న గొడవ జరిగింది, ఎవరైనా చెబితే కంగారు పడతావని నేనే రాస్తున్నాను. వయొలిన్ల వాళ్ళ వెనక తెర దింపుతుంటే, తెరకుండే ఇనప గొట్టం కాస్త జోరుగా దిగింది. ఒక వయొలిన్ ఆయన తలకి జానెడు పైన ఆగింది. ఆయన చూడనేలేదు, పాపం కళ్ళు మూసుకుని వాయించుకుంటున్నాడు. చూసినవాళ్ళు మేం ముగ్గురమే. పొడుగు నాకేసి చూశాడు. తాడుకి తడి తగిలి ఉంటుందన్నాను. ఉంటుందన్నాడు. మేనేజరమ్మ పుస్తకంలో ఏదో రాసుకుంది.

అంతే, ఇంకేం లేదు.

కుడి చేతి మీద బొబ్బొకటి లేచింది. ఎక్కడ కాలిందో గుర్తు లేదు. ఈ పని హడావుడిలో ఒళ్ళు కూడా తెలియడం లేదు మరి.

తాడు సంగతి తర్వాత రాస్తాను. నువ్వు నిశ్చింతగా ఉండు.

నీ తమ్ముడు

*

కుట్టు కొట్టు
రెండో శనివారం

తమ్ముడూ,

చిన్న గొడవట! జానెడులో మనిషి తల పగిలిపోయేది చిన్న గొడవా? చదివినప్పటి నుంచి ఆ గొట్టం నా కళ్ళ ముందే ఆడుతోంది. ఎవరి బట్టలు కుడుతున్నా పైకి చూస్తున్నాను, నా కొట్టు పైకప్పులో ఏముంది, బల్లి తప్ప!

ఇక్కడ వానలు వదలడం లేదు. నది పొంగింది, వంతెన మూసేశారు. ఉత్తరాలు పడవలో దాటుతున్నాయి. మనుషుల్ని ఎక్కించడం లేదు.

మిడత గౌను వెనక్కి పంపింది. నడుము దగ్గర రెండంగుళాలు, భుజాల దగ్గర ఒకటి బిగించమంది. బిగించి పంపాను. మళ్ళీ పంపింది, ఇంకో అంగుళమున్నర. ఏదో కొత్త నమూనా అట, ఒంటికి అతుక్కుని ఉండాలట. సరే, దాని ఇష్టం.

దాని మొహం ఎలా ఉంది? నిజం రాయి. నన్నేమీ అడక్కు. నేనొకళ్ళకి మాటిచ్చి కూర్చున్నాను, నోరు విప్పడానికి లేదు. పెద్ద విషయమేం కాదులే. ఆడపిల్లల గొడవ.

నువ్వు మాత్రం దాన్ని జాగ్రత్తగా పట్టుకో. నాకు ఎందుకో మనసు మనసులో లేదు.

అక్క

*

నాటకశాల, తాళ్ళ గది
మూడో బుధవారం, ఉదయం

అక్కా,

ఈ ఉత్తరం చదివి చింపెయ్యి. పిల్లకి మాత్రం ఒక్క ముక్క తెలియకూడదు.

నా కుడి చెయ్యి పనిచేయడం లేదు. రెండు నెలలయింది. మొదట చిటికెన వేలు, తర్వాత పక్కది. ఇప్పుడు అరచెయ్యి సగం నాది కాదు. సూది గుచ్చుకున్నా తెలియదు. రాత అందుకే వంకర. కళ్ళజోడు శుభ్రంగానే ఉంది. ఆ గొట్టం తడి తాడు వల్ల దిగలేదు. నా వేళ్ళు ఎప్పుడు వదిలాయో నాకే తెలియలేదు.

డాక్టరు దగ్గరికి వెళ్ళలేదు. వెళితే కాగితం ఇస్తాడు, కాగితం మేనేజరమ్మ చూస్తుంది, మర్నాటి నుంచి నేను టిక్కెట్లు చింపుతూ గుమ్మంలో నిలబడాలి. తాడు తప్ప నాకేం వచ్చు?

నిన్న మిడత మొదటిసారి ఎగిరి చూసుకుంది. నువ్వడిగావు కదా, తాడు ఎలా పనిచేస్తుందని. విను. పైన దూలానికి కప్పీ ఉంటుంది. తాడు దాని మీదుగా వెళ్ళి ఒక కొస ఎగిరేవాళ్ళ వీపుకి, రెండో కొస మా వైపు ఇసుక సంచులకి ఉంటుంది. మనిషి ఎంత బరువుంటే సంచులు దానికి నాలుగు కిలోలు తక్కువ కట్టాలి. అప్పుడు మనిషి మా చేతికి నాలుగు కిలోల బరువే. పసిపాపని ఎత్తినట్టు ఎత్తచ్చు, దింపచ్చు. సంచులు ఎక్కువైతే మాత్రం మేం లాగక్కర్లేదు, సంచులే కిందికొచ్చి మనిషిని దూలానికేసి కొడతాయి. అందుకే ఎగిరేవాళ్ళని ముందుగా తూచి తీరాలని గోడ మీద రాసుంది.

మిడతని నేను తూచలేదు. పొడుగు త్రాసు తెస్తే నవ్వాను. 'పురిట్లోంచి ఎత్తుకున్న పిల్లరా, దాని బరువు నా చేతికి తెలియదా' అని గొప్పలు పోయాను. పోయినేడు యాభై రెండు కిలోలు. నలభై ఎనిమిది కట్టాను.

అది వచ్చి నా మణికట్టు నొక్కింది. నొక్కిందని చూసి తెలుసుకున్నాను అక్కా, చేతికి తెలియలేదు. తాడు ఆపే మెట తీసి రెండు మూరలు లాగాను. పిల్ల రివ్వున పైకి పోయింది. నాలుగు, ఎనిమిది, పదహారు మూరలు. నేను లాగడం లేదు, అయినా పోతోంది. ఎడం చేత్తో, మోకాలితో, ఒళ్ళంతా వేసి తాడుని తొక్కిపట్టాను. దూలానికి చేతి దూరంలో ఆగింది. పై ప్రాణాలు పైనే పోయాయి. కింద బృందం వాళ్ళు చప్పట్లు కొట్టారు, ఎంత బాగా ఎగిరిందీ అని!

కిందికి దించాక మొహంలో నెత్తురు చుక్క లేదు. 'బాగుంది మామయ్యా' అంది.

నా చెయ్యి ఎక్కువ లాగింది. లాగినట్టు కూడా నాకు తెలియలేదు, అంత చచ్చిపోయింది. ప్రదర్శనకి పన్నెండు రోజులుంది. చెబితే తాడు పోతుంది. చెప్పకపోతే... రాయలేకపోతున్నాను. ఏం చెయ్యనే అక్కా? నాకు భయంగా ఉంది. చిన్నప్పుడు కూడా నీకిలా చెప్పుకోలేదు.

తమ్ముడు

*

తంతి

పిల్లని తూచు. తూచకుండా తాడెక్కించకు. ఉత్తరం వెనకాల వస్తోంది. అక్క

*

కుట్టు కొట్టు
మూడో శనివారం

తమ్ముడూ,

తంతి అంది ఉంటుంది. తపాలాఫీసులో ఆయన ఏం పిల్ల, ఏం తూకం అని మూడుసార్లు అడిగాడు. కొట్టినంత పని చేశాను.

నేనిచ్చిన మాట మిడతకే. తప్పుతున్నాను. అది తిండి తినడం లేదురా. మీ ఊరొచ్చిన రెండో రోజు నుంచీ ముద్ద దిగడం లేదట. తింటే కక్కేస్తోందట. గౌను మొదటిసారి పంపినప్పుడే లోపల చీటీ పెట్టింది. 'అమ్మా, మామయ్యకి చెప్పకు, నా మీద ఒట్టు' అని. ఎందుకే అంటే మొదటి వేషం కదా, బెదురు అంది. నేనూ నమ్మాను. మొదటిసారి ఒకరి పెళ్ళిగౌను కుట్టినప్పుడు నేను మాత్రం తిన్నానా అనుకున్నాను. దద్దమ్మని!

ముప్పై ఏళ్ళుగా కొలతలు తీస్తున్నదాన్ని. గౌను మూడోసారి వచ్చింది. మొత్తం కలిపి నడుము దగ్గర ఐదంగుళాలు పోయాయి. ఐదంగుళాలు పోతే ఒంట్లో ఎంత పోతుందో నాకు తెలుసు. ఎనిమిది కిలోలకి తక్కువ ఉండదు. ఆ పిల్ల దగ్గర ముందే ఏముంది పోవడానికి?

నీ ఉత్తరంలో సంచుల సంగతి చదివి కుట్టు మిషను మీద తల ఆనించుకుని కూర్చున్నాను. నువ్వు యాభై రెండుకి కట్టావు. అది నలభై నాలుగు లేదు. నేను ఇన్నాళ్ళూ టేపు పట్టుకుని దాస్తున్నది ఇదే అని నాకెలా తెలుస్తుంది? తాడు ఎలా పనిచేస్తుందో నువ్వు ఇరవై రెండేళ్ళలో ఒక్కసారి చెప్పి ఉంటే!

తిట్టడానికి కూడా ఓపిక లేదు. నీ చెయ్యి సంగతి నాకు దాచావు, పిల్ల సంగతి నేను నీకు దాచాను. మధ్యలో అది దూలానికి గుద్దుకునేది. వంతెన ఇంకా తెరవలేదు. గట్టు మీదికి వెళ్ళి పడవ వాణ్ణి బతిమాలాను, ఎక్కించుకోనన్నాడు. కాళ్ళు పట్టుకుంటానన్నా వినలేదు.

దాన్ని కూర్చోబెట్టి అడుగు. మామయ్యవి కాబట్టి అడుగు. మేనమామ అడిగితే చెప్పాలి.

అక్క

*

నాటకశాల
ఆఖరి ప్రదర్శన మర్నాడు, ఉదయం

అక్కా,

మిడత క్షేమం. ఇది ముందు చదివి, ఊపిరి పీల్చుకుని, తర్వాత మిగతాది చదువు.

నీ తంతి అందిన గంటలో దాన్ని త్రాసు మీద నిలబెట్టాను. ఎందుకు మామయ్యా అంది. నిలబడవే అన్నాను. నలభై మూడు. సంచులు నలభై ఎనిమిది. త్రాసు పక్కనే నేల మీద కూలబడ్డాను. ఐదు కిలోలు ఎక్కువ కట్టి పిల్లని దూలానికేసి విసిరాను. మరో చెయ్యి అయితే మెట తీయగానే తెలిసిపోయేది, ఇటు బరువెక్కువని, మనిషి తేలిపోతోందని. అది తెలుసుకోవడమే కదా నా పని, నాకు జీతమిచ్చేదే అందుకు. నాకు తెలియలేదు.

తర్వాత నీ ఉత్తరం అందగానే కూర్చోబెట్టి, ఎందుకే తినడం లేదు అని అడిగాను. బెదురంది. మీ అమ్మ అంతా రాసేసింది అన్నాను. అప్పుడు ఏడ్చింది. ఏడుస్తూ చెప్పింది విను.

"వచ్చిన రోజే చూశాను మామయ్యా. టీ గ్లాసు ఎత్తావు. సలసలా కాగే టీ నీ చేతి మీద ఒలికింది. నువ్వు చూసుకోలేదు. నాతో మాట్లాడుతూనే ఉన్నావు. చర్మం ఎర్రగా కమిలిపోయింది, నీ మొహంలో ఏమీ లేదు. అప్పటి నుంచి ముద్ద గొంతు దిగడం లేదు."

"మరి చెప్పవేం?"

"చెబితే నీ తాడు తీసేసుకుంటారు."

"చచ్చిపోతావే పిచ్చి మొహమా!"

"నువ్వు వదలవుగా అనుకున్నాను."

అక్కా, ఆ మాటకి నేనేం చెయ్యను? దాని భయం వల్ల అది తేలికైపోయింది, అది తేలికైపోతే నా చెయ్యే అనుకుని నేను దాచాను, నేను దాచిన కొద్దీ అది ఇంకా తినడం మానేసింది. ఇద్దరం ఒకే గదిలో కూర్చుని, ఒకళ్ళకి తెలియకుండా ఒకళ్ళం వణుకుతున్నాం. లేచి నేరుగా మేనేజరమ్మ దగ్గరికి వెళ్ళాను. కుడి చెయ్యి బల్ల మీద పెట్టి, గుచ్చి చూడమన్నాను. గుచ్చలేదావిడ. పుస్తకం తీసి చూపించింది. వయొలిన్ల రోజు దగ్గర రాసుంది, 'ఇతనే వచ్చి చెబుతాడేమో చూడాలి' అని. చెప్పకపోతే ఆఖరి రోజు తనే తాడు తీసుకునేదట. తిడితే బాగుండేది.

పొడుగుని పట్టమన్నాం. మిడత ఒప్పుకోలేదు. మామయ్య పట్టకపోతే ఎగరను, నేల మీదే ఆడతాను అంది. అలాగే ఆడు, ఎవరు కాదన్నారు అన్నాను. రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు తనే పొడుగు దగ్గరికి వెళ్ళింది. ఆ వారమంతా దాని ఎదురుగా కూర్చుని తినిపించాను. నలభై ఐదుకి వచ్చింది. సంచులు నలభై ఒకటి. పొద్దునొకసారి, తెర లేచే ముందొకసారి తూచాం. పొడుగు మొహం పాలిపోయి ఉంది, నాకన్నా వాడే ఎక్కువ భయపడ్డాడు.

నన్ను తాళ్ళ దగ్గర ఉండొద్దంది మేనేజరమ్మ. ఉంటే పొడుగు చెయ్యి తడబడుతుందని. నిజమే. మూడో వరసలో కుర్చీ ఇచ్చారు. ఇరవై రెండేళ్ళలో ముందు వైపు కూర్చోవడం ఇదే మొదలు. పక్కన ఎవరో పెద్దావిడ, ముక్కు మీదికి జారే కళ్ళజోడు. కార్యక్రమం కాగితం విసనకర్రలా ఊపుకుంటోంది.

తెర లేచింది. రంగస్థలం పక్కన, చీకట్లో, మిడత పొడుగు మణికట్టు నొక్కడం కనిపించింది. ఇంకెవరికీ కనిపించదది, ఎక్కడ చూడాలో నాకు తెలుసు కాబట్టి కనిపించింది. గుండెలో కలుక్కుమంది, అబద్ధం చెప్పను. తర్వాత లేచింది. నీ నీలం గౌను విచ్చుకుంది. పది అడుగులు. పదిహేను. జనం అబ్బ అన్నారు. నాకు పాట వినిపించలేదు, నాట్యం కనిపించలేదు, కప్పీ ఒక్కటే కనిపించింది. తాడు చేతిలో ఉన్నప్పుడు భయానికి చెయ్యడానికో పనుంటుంది. కుర్చీలో కూర్చున్నవాడికి ఏముంటుందక్కా? ప్రతి ప్రదర్శనకీ నా తాళ్ళ కింద ఇంతమంది తల్లులు, మేనమామలు ఇలాగే కూర్చునేవాళ్ళా?

దిగింది. పాదాలు నేలకి తగిలాయి. నడిచింది. నవ్వింది.

ఇవాళ మధ్యాహ్నం డాక్టరు దగ్గరికి వెళుతున్నాం. మిడత తోడొస్తానంది. నరం నొక్కుకుపోయి ఉంటే బాగు చేయచ్చేమో అని మేనేజరమ్మ అంటోంది. వంతెన తెరిస్తే నువ్వు రా.

ఇంకొక్కటి చెప్పాలి. చెప్పకుండా ఉండలేను, ఇక నీ దగ్గర దాచనని ఒట్టు పెట్టుకున్నాను.

చప్పట్లు మోగుతున్నాయి. దీపాలు వెలిగాయి. పక్కనున్న పెద్దావిడ నా వైపు వంగి నెమ్మదిగా, ఎంతో మర్యాదగా అంది, "అయిపోయింది బాబూ. ఇక నా చెయ్యి వదులుతారా?"

కిందికి చూశాను. ఆవిడ చెయ్యి నా కుడి చేతిలో ఉంది. ఆవిడ వేళ్ళు తెల్లగా పాలిపోయాయి. ఉంగరం చర్మంలోకి దిగిపోయింది. ఎప్పటి నుంచమ్మా అన్నాను. "ఆ అమ్మాయి పైకి లేచినప్పటి నుంచి. మీ పిల్లేమో అనుకుని ఊరుకున్నాను" అంది.

నాకు తెలియదక్కా. ఎప్పుడు పట్టుకున్నానో తెలియదు, ఎంత గట్టిగా నలిపానో తెలియదు. వదిలేసి ఉన్నా తెలిసేది కాదు. ఆ చేతిలోనే మన పిల్లని పెట్టబోయాను.

తమ్ముడు